తల నాది, చలానా సర్కారుది: హెల్మెట్ తప్పనిసరి చేయడం న్యాయమేనా?

కృష్ణాతీరం

సూటిగా అడుగుతున్నానండీ. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 129 ఉంది. బండి నడిపేవారు, వెనక కూర్చున్నవారు, నాలుగేళ్లు దాటిన పిల్లలు అందరూ హెల్మెట్ పెట్టుకోవాలి. 2019 సవరణలో 194డి వచ్చింది: వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు మీద అనర్హత. ఎర్ర లైటు దాటితే, తాగి నడిపితే, రాంగ్ రూట్‌లో వస్తే ఎదుటివాడి ప్రాణం పోతుంది. అక్కడ దండన వేస్తే అర్థముంది. హెల్మెట్ లేకపోతే పగిలేది నా తలే కదా? మధ్యలో ప్రభుత్వానికి ఏం పని? రెండు వైపులా తెలిసినవాళ్లు రాయండి. "మా బాబాయి కొడుక్కి ఇలా జరిగింది" కథలు మాత్రం వద్దు, వాట్సాప్ నిండా అవే.

స్వేచ్ఛ_హన్మకొండ

నేను హెల్మెట్ పెట్టుకోవద్దు అంటలేను. పెట్టుకోమని చెప్పుడు వేరు, పెట్టుకోకుంటే దండుగ వేసుడు వేరు.

ఇంగ్లండు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859లనే దీనికి ఒక వంతెన ఉదాహరణ ఇచ్చిండు. కూలేటట్టున్న వంతెన మీదికి ఒకడు పోతున్నడు. ఆ సంగతి వానికి తెల్వదు, చెప్పే టైము లేదు. అప్పుడు రెక్క పట్టుకొని గుంజినా తప్పు లేదు. కూలొచ్చు, కూలకపోవచ్చు అన్నట్టుంటే మాత్రం హెచ్చరించి వదిలేయాలె. నిర్ణయం వానిది. పిల్లలు, మతి స్థిమితం లేనోళ్లు ఈ లెక్కల రారు, ఆయననే చెప్పిండు. బండెక్కే ప్రతిసారి తల పగలదు, పగిలే అవకాశం ఉంటది, అంతే. సిగరెట్ డబ్బా మీద బొమ్మ వేసి అమ్మనిస్తున్నరు గదా, ఇదేంది మరి?

ఇంకోటి. 129ల తలపాగా కట్టిన సిక్కులకు మినహాయింపు ఉన్నది. బ్రిటన్ల 1973ల తప్పనిసరి చేసి, 1976ల సిక్కులకు తీసేసిన్రు. ఆ మినహాయింపు సరైందే, నాకు పేచీ లేదు. కానీ ఒకరి నమ్మకానికి గౌరవం ఇచ్చినప్పుడు ఇంకొకరి ఇష్టానికి ఎందుకు ఇయ్యరు?

ట్రామా_వార్డు

"పగిలేది నా తలే" అన్న మాట ప్రమాదం జరిగిన క్షణం దాకే నిజం. ఆ తర్వాత రోడ్డు మీద నుంచి ఎత్తేది 108. స్కాన్ తీసేది, పుర్రె తెరిచి గడ్డకట్టిన రక్తం తీసేది, వెంటిలేటర్ పెట్టేది ఎక్కువగా ప్రభుత్వాసుపత్రో, ఆరోగ్యశ్రీ డబ్బో. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన రోడ్డు ప్రమాద నగదురహిత చికిత్స పథకంలో ఒక్కో బాధితుడికి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయలు. ఇదంతా అందరి సొమ్ము.

డబ్బు కంటే పెద్ద సమస్య మంచం. తలకు గట్టి దెబ్బ తగిలిన మనిషి ఐసీయూలో ఉండేది ఒకటి రెండు రోజులు కాదు, వారాలు. తర్వాత ఊపిరి కోసం గొంతుకు కోత పెట్టి వేసే ట్రాకియాస్టమీ గొట్టం, ముక్కులోంచి ఆహారం, పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పడం. ఆ వెంటిలేటర్ కోసం బయట పాముకాటు రోగి ఎదురుచూస్తుంటాడు. ఇల్లు చేరాక కూడా ఒక మనిషి పని మానేసి కూర్చోవాలి, నూటికి తొంభైసార్లు అది భార్యో తల్లో. "నా తల" అన్నవాళ్లు ఈ లెక్క ఎక్కడ వేస్తారు?

లెక్కల_మాస్టారు

ట్రామా_వార్డు గారూ, మీరన్నది నిజమే గానీ అందరి సొమ్ము అనే వాదనకు అంచు లేదు. అదే తర్కంతో షుగర్ ఉన్నవాడు జిలేబీ తింటే చలానా రాయవచ్చు. కాబట్టి ఆ ఒక్క కాలు మీద చట్టాన్ని నిలబెట్టకండి.

అంకెల సంగతి కూడా ఇప్పుడే చెబుతాను, లేకపోతే ఎవరో ఒకరు తప్పుగా వాడతారు. కేంద్ర రవాణా శాఖ 2022 నివేదికలో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029. అందులో నడిపేవాళ్లు 35,692, వెనక కూర్చున్నవాళ్లు 14,337. ఇవి హెల్మెట్ లేకుండా పోయినవాళ్ల సంఖ్యలు. హెల్మెట్ లేకపోవడం *వల్ల* పోయినవాళ్ల సంఖ్య కాదు. ఛాతీ నలిగి, లారీ చక్రం కింద పడి పోయినవాళ్లూ ఇందులో ఉన్నారు. హెల్మెట్ ఎంత కాపాడుతుందో తెలియాలంటే అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2008 కాక్రేన్ సమీక్ష చూడాలి: చావు ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయని తేల్చింది. పెద్ద ఉపయోగమే, సర్వరోగ నివారిణి మాత్రం కాదు.

మిషిగన్_మావయ్య

ఇక్కడ అమెరికాలో ఈ గొడవకు అరవై ఏళ్లు. 1966లో ఫెడరల్ ప్రభుత్వం రోడ్డు నిధులకు ముడిపెట్టి రాష్ట్రాల చేత హెల్మెట్ చట్టాలు చేయించింది. 1975 నాటికి 47 రాష్ట్రాల్లో వచ్చాయి. 1976లో కాంగ్రెస్ ఆ ముడి విప్పేసింది, రాష్ట్రాలు వరసగా రద్దు చేసుకున్నాయి. ఇప్పుడు ఇల్లినాయ్, అయోవా, న్యూ హాంప్‌షైర్లలో పెద్దవాళ్లకు ఏ నిబంధనా లేదు. కోర్టులు కూడా రెండు రకాలుగా మాట్లాడాయి. 1969లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఇది వ్యక్తి సొంత విషయమని కొట్టేసింది. 1972లో మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టు అచ్చం ట్రామా_వార్డు గారి వాదనే చెప్పి నిలబెట్టింది.

మా మిషిగన్ 2012లో మధ్యేమార్గం అనుకుంటూ ఒకటి చేసింది. 21 ఏళ్లు నిండి, మోటార్‌సైకిల్ లైసెన్సు వచ్చి రెండేళ్లయినా లేదా భద్రతా కోర్సు పాసైనా, పైగా 20 వేల డాలర్ల వైద్య బీమా ఉంటే హెల్మెట్ అక్కర్లేదు. ఫ్లోరిడా 2000లోనే 10 వేల డాలర్ల బీమాతో ఇలాంటిదే తెచ్చింది.

కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. ఆచరణలో రెండు చోట్ల తెగుతుంది. ఒకటి, 20 వేల డాలర్లు ఇక్కడి ఐసీయూలో కొన్ని రోజులకే ఆవిరి. రెండు, గాల్లో జుట్టు ఎగరేసుకుంటూ పోతున్నవాడికి 21 నిండాయో లేదో, జేబులో బీమా ఉందో లేదో పక్కనుంచి చూసిన పోలీసుకు ఎలా తెలుస్తుంది? అందరికీ ఉండే చట్టాన్ని చూపుతోనే అమలు చేయొచ్చు. కొందరికే ఉండే చట్టానికి ప్రతి బండీ ఆపాలి. ఇక పంతొమ్మిదేళ్ల కుర్రాడు కూడా ధైర్యంగా తీసేస్తాడు.

స్వేచ్ఛ_హన్మకొండ

మావయ్యా, అమలు కష్టమని హక్కు లేదంటే ఎట్ల? బీమా 20 వేలు చాలకుంటే రెండు లక్షలు పెట్టుమను. మన దగ్గర 2018 నుంచి ఓనర్-డ్రైవర్‌కు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి చేసిన్రు గదా. దాన్నే ఇంకింత పెంచి, హెల్మెట్ వద్దన్నోనితోని ఎక్కువ ప్రీమియం కట్టిపియ్యి. బండి నంబరుకు ముడిపెడితే కెమెరానే చెప్తది.

సెక్షన్_129

ఆ 15 లక్షల కవర్ గురించి ఒక అపోహ తీరుస్తాను. అది మరణానికి, శాశ్వత వైకల్యానికి ఇచ్చే ఏకమొత్తం. ఆసుపత్రి బిల్లు కాదు. పైగా బండి యజమానే నడుపుతుండాలి, లైసెన్సు ఉండాలి. అన్న బండి తమ్ముడు నడిపితే, వెనక భార్య కూర్చుంటే ఆ కవర్ వాళ్లకు వర్తించదు. మనదేశంలో మిషిగన్ పద్ధతి పెట్టాలంటే ముందు ఈ పునాది మార్చాలి. థర్డ్ పార్టీ బీమానే రెన్యువల్ చేయించకుండా తిరిగే బండ్లు రోడ్డు మీద కోకొల్లలు.

క్లెయిముల విషయం: హెల్మెట్ లేదు కాబట్టి పరిహారం రాదు అని బీమా కంపెనీలవాళ్లు బెదిరిస్తుంటారు. చట్టం అలా లేదు. 2020లో సుప్రీంకోర్టు ఒక ట్రిపుల్ రైడింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. నిబంధన ఉల్లంఘించినంత మాత్రాన బాధితుడి నిర్లక్ష్యం కింద లెక్కకట్టకూడదు. ఆ ఉల్లంఘనకూ ప్రమాదానికీ, లేదా గాయానికీ సంబంధం చూపించాలి. కాలు విరిగినవాడికి హెల్మెట్ లేదని కోత పెట్టలేరు. తలకు దెబ్బ తగిలితే మాత్రం ట్రైబ్యునల్‌లో వాదన తప్పదు.

చలానా_బాధితుడు

ఇవన్నీ సరే. నాకు ఫొటోలో హెల్మెట్ ఉంది. అయినా చలానా వచ్చింది. పెట్రోలు ట్యాంకు మీద ఉంది అంతే 😀

సెక్షన్_129

ట్యాంకుకు 129 వర్తించదు సార్. చట్టంలో "పట్టీతో గట్టిగా బిగించి" అని ఉంది. అంటే తల మీద ఉన్నా పట్టీ వేలాడుతుంటే అదీ ఉల్లంఘనే.

సరదా పక్కన పెడితే, తప్పుడు చలానా వస్తే ఏం చూడాలో చెబుతాను. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 167ఎ ప్రకారం కెమెరా చలానా అయితే ఘటన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. ఫొటో, చోటు, తేదీ, సమయం, ఏ సెక్షన్ అన్నవి నోటీసులో ఉండాలి. నంబరు ప్లేటులో ఒక అంకె పొరబడి వేరే బండికి వచ్చిన చలానాలు చాలా ఉంటాయి. ఫొటోలో బండి రంగు, మోడల్ మీ ఆర్సీతో పోల్చి, రాష్ట్ర ఈ-చలానా పోర్టల్‌లో అభ్యంతరం పెట్టండి. కట్టేసిన తర్వాత వాదించడం చాలా కష్టం.

థర్మోకోల్_అన్న

ఇంతసేపు తల గురించి మాట్లాడారు, హెల్మెట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. అసలు గొడవ అక్కడుంది.

హెల్మెట్‌లో కాపాడేది పైనున్న గట్టి చిప్ప అనుకుంటారు. చిప్ప పని దెబ్బను నాలుగు వైపులా పంచడం, మొనదేలింది లోపలికి దిగకుండా ఆపడం. దెబ్బను మింగేది లోపలి ఈపీఎస్, అంటే థర్మోకోల్ పొర. అది నలుగుతూ తలను మెల్లగా ఆపుతుంది. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. అందుకే గట్టిగా పడ్డ హెల్మెట్ బయటకు గీత కూడా లేకపోయినా పారేయాలి.

ఆ థర్మోకోల్ టీవీ డబ్బాలో వచ్చేది కాదు. ప్యాకింగ్ రకం పలచన, దెబ్బకు పూర్తిగా నలిగి తల చిప్పకు తగులుతుంది. మరీ గట్టిదైతే అసలు నలగదు, దెబ్బంతా తలకే. సాంద్రత సరిగ్గా కుదరాలి, అదే కంపెనీ పనితనం. రోడ్డు పక్క గోనె మీద పరిచి వంద, రెండొందలకు అమ్మేదాంట్లో చాలావాటికి ఈ పొరే ఉండదు. చిప్ప లోపల వేలు మందం స్పాంజి అంటించి, పైన గుడ్డ కుట్టి వదులుతారు.

కొనేముందు లోపలి గుడ్డ అంచు పట్టుకుని నడినెత్తి దగ్గర వెనక్కి తీసి చూడండి. తెల్లగానో నల్లగానో గట్టి పొర, బొటనవేలి మందం, కనబడాలి. గోరుతో నొక్కితే స్పాంజిలా దిగి మళ్లీ లేస్తే అది థర్మోకోల్ కాదు. చెంపల దగ్గర కూడా చూడండి, కొందరు నెత్తికి పెట్టి పక్కలకు ఎగ్గొడతారు. పట్టీ రివెట్లు చిప్పలోకి దిగాయా, గుడ్డకే కుట్టారా చూసి గట్టిగా గుంజండి. పట్టీ ఊడితే హెల్మెట్ మీకంటే ముందే రోడ్డు మీద ఉంటుంది.

వెనక ఐఎస్‌ఐ గుర్తు ఒక్కటే చూసి మోసపోకండి. ఆ స్టిక్కర్ షీట్లు కేజీల లెక్కన దొరుకుతాయి. గుర్తు పైన ఉత్త "ఐఎస్" కాదు, పూర్తిగా "ఐఎస్ 4151" అని, కింద "సీఎం/ఎల్" తర్వాత లైసెన్సు నంబరు ఉండాలి. ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. దాని బీఐఎస్ కేర్ యాప్ తెరిచి లైసెన్సు వివరాల దగ్గర ఆ నంబరు కొట్టండి. కంపెనీ పేరు, చిరునామా, లైసెన్సు నడుస్తోందా ముగిసిందా అన్నీ వస్తాయి. వచ్చిన పేరు, హెల్మెట్ మీది పేరు ఒకటి కాకపోతే అక్కడే వదిలేయండి.

కృష్ణాతీరం

అన్నా, అసలైన మాట ఇది. అయితే ఆ రెండొందల హెల్మెట్ పెట్టుకున్నవాడికి చలానా రాదు కదా?

థర్మోకోల్_అన్న

రాదు. కెమెరాకు నెత్తి మీద గుండ్రంగా ఏదో కనబడితే చాలు. మేస్త్రీల టోపీ పెట్టుకుని పోయినా చాలాసార్లు తప్పించుకుంటారు.

స్వేచ్ఛ_హన్మకొండ

నేను మొదటి నుంచి చెప్పేది ఇదే గదా! సర్కారుకు కావాల్సింది తలకాయ కాదు, ఫొటో. జనం కూడా తలకాయ కోసం కొంటలేరు, ఫొటో కోసం కొంటున్నరు. బలవంతం చేస్తే వచ్చే ఫలితం ఇట్లనే ఉంటది. నకిలీ సరుకుకు మార్కెట్ తయారు చేసింది చట్టమే.

సెక్షన్_129

సగం ఒప్పుకుంటాను. 129లోనే కేంద్రం నిర్ణయించిన ప్రమాణానికి తగినదై ఉండాలని ఉంది. అమ్మేవాళ్ల మీద కూడా చట్టం ఉంది, చాలామందికి తెలియదు. 2020 నవంబరులో హెల్మెట్ల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇచ్చారు, 2021 జూన్ 1 నుంచి ఐఎస్‌ఐ లేని హెల్మెట్ తయారీ, దిగుమతి, నిల్వ, అమ్మకం అన్నీ నేరం. బీఐఎస్ చట్టం 2016 ప్రకారం మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షలకు తగ్గని జరిమానా. రెండోసారి నుంచి ఐదు లక్షలకు తగ్గదు.

పెట్టుకోనివాడికి వెయ్యి, నకిలీ అమ్మినవాడికి రెండు లక్షలు. కాగితం మీద బరువు సరిగ్గానే ఉంది. మొదటిది రోజూ వేల మందికి పడుతుంది, రెండోది ఎప్పుడో ఒక గోదాము మీద దాడి జరిగితే పేపర్లో వస్తుంది. చలానా పుస్తకం ట్రాఫిక్ పోలీసు చేతిలో ఉంది, బీఐఎస్ అధికారి కూడలిలో ఉండడు. తేడా అంతే.

లెక్కల_మాస్టారు

స్వేచ్ఛ గారు తెచ్చిన వంతెన ఉదాహరణ ఇప్పుడు ఆయనకే అడ్డం తిరుగుతోంది. వంతెన గట్టిదో కాదో తెలిసినవాడికే కదా స్వేచ్ఛ? హెల్మెట్ లోపల ఏ సాంద్రత థర్మోకోల్ ఉందో కొట్లో నిలబడి ఎవరూ తేల్చలేరు. పరీక్షించాలంటే పగలగొట్టాలి. అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియని చోట ప్రభుత్వ ప్రమాణం స్వేచ్ఛకు శత్రువు కాదు, ఎంచుకోవడానికి ఆధారం. వస్తువు మీద నియంత్రణకూ మనిషి మీద నియంత్రణకూ మధ్య గీత గీస్తే, మొదటిదాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. రెండోదాని మీద నాకూ అనుమానాలున్నాయి.

పైగా మొదటిది చాలాసార్లు చడీచప్పుడు లేకుండా ఎక్కువ పని చేస్తుంది. కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్, పాత మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన బండ్లకు చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్, అంతకంటే చిన్నవాటికి రెండు చక్రాలకూ ఒకేసారి పడే కాంబీ బ్రేక్ తప్పనిసరి చేశారు. ఒక్క రైడర్‌కూ చలానా రాయలేదు, కొత్త బండి ధర కొంచెం పెరిగింది, తడి రోడ్డు మీద ముందు చక్రం లాక్ అవడం తగ్గింది. ఎవరి స్వేచ్ఛా పోయిందని ధర్నా జరగలేదు.

స్వేచ్ఛ_హన్మకొండ

వస్తువు మీద నియంత్రణకు నేనెన్నడూ అడ్డం చెప్పలే. మోసం వేరు, స్వేచ్ఛ వేరు. ఐఎస్‌ఐ లేనిది అమ్మినోణ్ని పట్టుకోండ్రి, సంతోషం.

కానీ ఇంకో ముచ్చట. రక్షణ ఎక్కువైతే మనిషి తెగిస్తడు. 1975ల శామ్ పెల్ట్‌జ్‌మన్ అనే ఆర్థికవేత్త కార్ల భద్రతా నిబంధనల మీద ఇదే రాసిండు. బెల్టు పెట్టుకున్న ధైర్యానికి స్పీడు పెంచి, నడిచిపోయేటోళ్లను గుద్దుతరు అని. హెల్మెట్‌కు అది వర్తించదా?

లెక్కల_మాస్టారు

పెల్ట్‌జ్‌మన్ ప్రశ్న మంచిదే, దాని పరిమాణం మీదే యాభై ఏళ్లుగా తగవు. తెగింపు కొంత ఉంటుందనుకున్నా, హెల్మెట్ ఇచ్చే రక్షణను అది మొత్తంగా మింగేస్తే కాక్రేన్ సమీక్షలో ఆ 42 శాతం కనబడకూడదు.

ఊహించని ఫలితాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. పశ్చిమ జర్మనీలో 1976లో హెల్మెట్ తప్పనిసరి చేశారు, జరిమానా లేదు. 1980లో జరిమానా పెట్టారు. తర్వాతి ఆరేళ్లలో మోటార్‌సైకిల్ దొంగతనాలు దాదాపు మూడో వంతుకు పడిపోయాయి. దారిన పోతూ బండి కనబడితే ఎత్తుకుపోయే రకం దొంగ చేతిలో హెల్మెట్ ఉండదు, లేకుండా పోతే పోలీసు ఆపుతాడు. చట్టం చేసినవాళ్లెవరూ ఇది ఊహించలేదు.

మోడరేటర్

రెండు పోస్టులు తొలగించాను. ఏ పార్టీ హయాంలో ఎన్ని చలానాలు అన్న లెక్కకు వేరే దారం (థ్రెడ్) ఉంది.

గోదారి_గట్టు

మా ఊళ్లో ఇంటి నుంచి కిరాణా కొట్టు అరకిలోమీటరండి. ఇరవై స్పీడు. దానిక్కూడానా? మే నెలలో బుర్ర ఉడికిపోతాదండి బాబూ.

లెక్కల_మాస్టారు

ఇరవై స్పీడే ఎందుకు, బండి ఆగి ఉన్నా ఇదే లెక్క. కూర్చున్న మనిషి తల నేలకు సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి నేరుగా పడితే నేలను తాకేటప్పటి వేగం గంటకు 19, 20 కిలోమీటర్లు. మీరు ముందుకు ఎంత వేగంగా పోతున్నా, కింద పడే వేగం ఎత్తును బట్టే. ఇప్పుడు 1500 మిల్లీమీటర్లను తల ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. ఉత్త తల సిమెంటు రోడ్డు మీద 5 మి.మీ.లో ఆగిందనుకుంటే గురుత్వ బలానికి 300 రెట్లు. థర్మోకోల్ 25 మి.మీ. నలిగితే 60 రెట్లు. యూరప్‌లో ఇంతకుముందున్న ఈసీఈ 22.05 హెల్మెట్ ప్రమాణం పరీక్షలో హెల్మెట్‌ను సెకనుకు 7.5 మీటర్ల వేగంతో ఇనుప దిమ్మె మీద పడేసేవారు, లోపలి బొమ్మ తలకు 275 రెట్లు దాటకూడదు. అంటే దాదాపు 2.9 మీటర్ల ఎత్తు నుంచి పడటం. కిరాణా కొట్టు దగ్గర కుక్క అడ్డమొస్తే పడే పడక హెల్మెట్ చాలా బాగా పనిచేసే పరిధిలోదే. ఎదురుగా వచ్చే లారీ సంగతి వేరు, అక్కడ ఏ హెల్మెట్ అయినా ఒక మేరకే.

థర్మోకోల్_అన్న

ఎండ గురించి: ముందు గాలి రంధ్రం, వెనక బయటికి పోయే రంధ్రం, రెండూ థర్మోకోల్ గుండా లోపలిదాకా ఉన్నాయో లేదో చూడండి. చిప్ప మీద బొమ్మకు రంధ్రం పెట్టి లోపల మూసేసినవి చాలా ఉన్నాయి. లేత రంగు తీసుకోండి. లోపల పలచటి నూలు టోపీ పెట్టుకుని దాన్నే రోజూ ఉతుక్కోవచ్చు. గుడ్డ ఊడదీసి ఉతికే రకం అయితే ఇంకా మేలు. షాంపూ నీళ్లు చాలు. పెట్రోలు, థిన్నర్‌తో చిప్ప తుడవొద్దు, ప్లాస్టిక్ చిప్పకు లోపల్లోపలే సన్నటి పగుళ్లు వస్తాయి. అద్దానికి తగిలించి వదిలేయొద్దు, అద్దం కొన థర్మోకోల్‌లో గుంట పెడుతుంది.

సైజు చాలామంది ఒకటి పెద్దది కొంటారు, సుఖంగా ఉంటుందని. టేపును కనుబొమల మీద ఒక అంగుళం పైన, వెనక గుండ్రటి ఎత్తు మీదుగా చుట్టి కొలవండి. కంపెనీ పట్టికతో పోల్చండి, ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. పెట్టుకుని చెంపలు కాస్త నొక్కినట్టు ఉండాలి. హెల్మెట్ పట్టుకుని పక్కలకు తిప్పితే చర్మం కూడా కదలాలి, హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులు. పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే లూజు. ఆఖరున వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తండి, ఊడొచ్చిందంటే ఎంత ఖరీదైనదైనా అది మీ తలది కాదు.

ట్రామా_వార్డు

మెడ విరుగుతుందనే మాట ఎవరూ ఎత్తలేదు గానీ ఎప్పుడూ వస్తుంది కాబట్టి: హెల్మెట్ బరువుకు మెడ పోతుందని 1980లలో వాదన నడిచింది. 2011లో అమెరికా ట్రామా రికార్డుల మీద చేసిన పెద్ద అధ్యయనంలో హెల్మెట్ పెట్టుకున్నవాళ్లకే మెడ ఎముక గాయాలు తక్కువని తేలింది.

మెడ నిజంగా పాడయ్యేది మనం హెల్మెట్ లాగేటప్పుడు. పడ్డ మనిషికి ఊపిరి ఆడుతుంటే ముందు వైజర్ (ముఖం ముందుండే అద్దం) మాత్రం ఎత్తండి, హెల్మెట్ ముట్టుకోకండి. ఊపిరి అందక, వాంతి అడ్డుపడి తీయక తప్పకపోతే ఇద్దరు కావాలి. ఒకరు ఛాతీ వైపు నుంచి ఒక చేత్తో దవడ, ఇంకో చేత్తో మెడ వెనక భాగం కదలకుండా పట్టుకోవాలి. రెండోవారు తల వైపు కూర్చుని పట్టీ విప్పాలి, రాకపోతే కోయాలి. అంచులు రెండు పక్కలకు విడదీస్తూ మెల్లగా లాగాలి. ముక్కు దగ్గర ఆగుతుంది, తలను కాదు, హెల్మెట్‌నే కాస్త వెనక్కి వాల్చి దాటించాలి. పోలీసు కేసు భయంతో వదిలేసి పోవద్దు. సెక్షన్ 134ఎ కింద సాయం చేసినవారికి రక్షణ ఉంది, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు.

గోదారి_గట్టు

ఈ ఒక్క పోస్టు కోసమైనా దారం పైన పిన్ చెయ్యండి మోడరేటర్ గారూ.

స్వేచ్ఛ_హన్మకొండ

చలానాల మీద ఆఖరుకు ఒక ముచ్చట. తెలంగాణల 2022 మార్చిల టూవీలర్ పెండింగ్ చలానాలకు 75 శాతం మాఫీ ఇచ్చిన్రు, 2023 డిసెంబర్ల 80 శాతం. టైముకు కట్టినోడు పూర్తి కట్టిండు, ఎగ్గొట్టినోడు అయిదో వంతు కట్టిండు. ఇది ప్రాణాలు కాపాడే చట్టమైతే పండుగ డిస్కౌంట్ ఎందుకు? సర్కారే దీన్ని బాకీ వసూలు లెక్క చూస్తున్నది, ప్రాణం లెక్క కాదు.

సెక్షన్_129

దీనికి నా దగ్గర ప్రతివాదన లేదు. 2019లో పెంచిన జరిమానాలను తెలంగాణ అప్పట్లో అమలు చేయలేదు. గుజరాత్ వెయ్యిని ఐదొందలు చేసింది. సెక్షన్ 200 కింద రాజీ రుసుము, అంటే కోర్టుకు పోకుండా కట్టే సొమ్ము, నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు ఉంది, చట్టవిరుద్ధం కాదు. కానీ మాఫీ మళ్లీ వస్తుందని తెలిసిన చలానాకు భయపడేవాడు ఎవడు? పైగా 194డిలో అసలు పదును వెయ్యి రూపాయల్లో లేదు, మూడు నెలల అనర్హతలో ఉంది. దాన్ని వాడటం అరుదు.

కృష్ణాతీరం

పెద్దల సంగతి తేలదు. పిల్లల విషయంలో మాత్రం ఇక్కడ ఎవరికీ పేచీ లేనట్టుంది, స్వేచ్ఛ గారికి కూడా. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఏముంది రూలు?

స్వేచ్ఛ_హన్మకొండ

పిల్లల మీద పేచీ లేదు. వాళ్లు ఎంచుకోలేరు.

సెక్షన్_129

2022 ఫిబ్రవరిలో నియమం 138లో చేర్చారు, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు తలకు సరిపోయే హెల్మెట్. నాలుగేళ్లలోపు అందరికీ హార్నెస్, అంటే బిడ్డను నడిపేవారి భుజాలకు కట్టి ఉంచే పట్టీల చొక్కా, అది 30 కిలోలు మోయగలగాలి. బండి వేగం 40 దాటకూడదు. హెల్మెట్ మోటార్‌సైకిల్‌దైనా కావచ్చు, ఈఎన్ 1078 లేదా ఈఎన్ 1080 ప్రమాణాల సైకిల్ హెల్మెట్ అయినా కావచ్చు.

థర్మోకోల్_అన్న

ఆ చివరి దాంట్లో జాగ్రత్త. ఈఎన్ 1080 అనేది పార్కుల్లో ఆడుకునే చంటి పిల్లల కోసం తయారైన ప్రమాణం. జారుడుబల్లకు హెల్మెట్ ఇరుక్కుని పట్టీ గొంతుకు బిగుసుకోకుండా, కొంత లాగుడు పడగానే బకిల్ దానంతటదే విడిపోతుంది. ఆటస్థలంలో అది ప్రాణరక్షణ. బండి మీద నుంచి పడితే అదే బకిల్ ఊడి హెల్మెట్ ఎగిరిపోవచ్చు. రూలు రెండింటినీ ఒకే గాటన కట్టేసింది. ఈఎన్ 1078 ఉన్నది అడగండి, బకిల్ ఆకుపచ్చగా ఉంటే అది సాధారణంగా విడిపోయే రకమే, తీసుకోకండి. ఇక మూడేళ్ల బిడ్డకు పెద్దల ఫుల్ ఫేస్ "ఎదుగుతాడులే" అని కొనొద్దు, మెడ మోయలేదు, కళ్ల మీదికి జారుతుంది.